నెజుకో విగ్ పెట్టుకుంటే శ్రుతి తప్పుతోంది, ఏం చేయాలి?

కాస్‌ప్లే (పాత్రల వేషం వేసుకునే) కరావోకే పోటీకి ‘డీమన్ స్లేయర్’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ ఓపెనింగ్ పాట ‘గురెంగే’ ప్రాక్టీస్ చేస్తున్నాను. అందులోని నెజుకో అనే అమ్మాయి వేషం నాది. లీసా పాడిన 90 సెకన్ల టీవీ వెర్షన్. విగ్ లేకుండా పాడితే శ్రుతి నిలుస్తుంది. నారింజ చివర్లున్న నెజుకో పొడవాటి విగ్ పెట్టగానే చెవులు మూసుకుపోయి, పల్లవి పైకి వెళ్లే చోట గొంతు కిందికి జారిపోతోంది. రికార్డింగ్‌లో అది స్పష్టంగా తెలుస్తోంది. నెజుకో నోటికి ఉండే వెదురు ముక్కని మెడకి వేలాడదీశాను, దాంతో ఇబ్బంది లేదు.

లోపలి క్యాప్‌ని చెవుల పైకి మడిచాను, అక్కడి వెంట్రుకలు పలచగా కత్తిరించాను. కొంచెమే మెరుగు. బ్లూటూత్ ఇయర్‌బడ్‌తో ట్రాక్ ఆలస్యంగా వినిపించి తాళం కూడా తప్పింది, అది ఇంకా ఘోరం. వైరు ఇయర్‌ఫోన్‌కి నిర్వాహకులు ఒప్పుకోవడం లేదు. స్టేజీ మీద మానిటర్ స్పీకర్ ఒక్కటే ఉంటుందట. విగ్ తీసేసి పాడటం నాకు ఇష్టం లేదు, ఆ జుట్టు లేకపోతే నెజుకోనే కాదు.

చూసేవాళ్లకి తేడా తెలియకుండా, నా గొంతు నాకు వినపడేలా ఈ విగ్‌ని ఎలా సర్దుకోవాలి?