పబ్లిషింగ్ ఇంటర్వెల్ 100కి తగ్గించినా రిజెక్ట్ పల్స్ దొరకట్లేదు, పైగా వాల్యూస్ ఫ్రీజ్

నైట్‌షిఫ్ట్:
నమస్తే. మాది మందుల ఫ్యాక్టరీ, బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్. పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంట్రోలర్) నుంచి ఓపీసీ యూఏ (మెషీన్ డేటా పంపుకునే ప్రోటోకాల్) మీద దాదాపు 400 ట్యాగ్‌లు (పేరున్న వాల్యూస్) ఒక క్లయింట్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంటున్నాం. వాటిలో రిజెక్ట్ బిట్ ఒకటుంది, బ్లిస్టర్‌ని పక్కకి తోసినప్పుడల్లా 120 మిల్లీసెకన్లు ఆన్ అయి ఆరిపోతుంది. ఆ బిట్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న స్క్రిప్ట్ రాశాను. మొన్న షిఫ్ట్ అయ్యేసరికి మెషీన్ మీది హెచ్‌ఎంఐలో (ఆపరేటర్ స్క్రీన్‌లో) 46 రిజెక్ట్‌లు ఉంటే నా దగ్గర 5 ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్ (మారిన వాల్యూస్ సర్వర్ పంపే ఏర్పాటు) సెట్టింగ్స్‌లోకి వెళ్లి పబ్లిషింగ్ ఇంటర్వెల్ 1000 మిల్లీసెకన్ల నుంచి 100 చేశాను. లెక్క ఏమీ మారలేదు. దానికి తోడు నిన్న ఎవరో కేబుల్ పీకి వేరే పోర్ట్‌లో పెట్టారు, పది సెకన్లు కూడా పట్టి ఉండదు, అప్పటి నుంచి స్క్రీన్ మీద వాల్యూస్ అన్నీ అక్కడే ఆగిపోయాయి, కనెక్షన్ మాత్రం పచ్చగానే చూపిస్తోంది. ఇంతకుముందు ఇలా ఎప్పుడూ జరగలేదు. పొద్దున్న రిపోర్ట్ అడుగుతారు, టెన్షన్‌గా ఉంది.

లూప్_చెక్:
మీరు మార్చింది పోస్ట్‌మ్యాన్ వచ్చే టైమ్ బ్రో, ఉత్తరం రాసే టైమ్ కాదు. పబ్లిషింగ్ ఇంటర్వెల్ అంటే సర్వర్, అంటే పీఎల్‌సీ వైపు, తన దగ్గర పోగైనవి మీకు ఎంతకోసారి పంపాలన్నదే. ట్యాగ్‌ని ఎంతకోసారి చూడాలన్నది శాంప్లింగ్ ఇంటర్వెల్, అది సబ్‌స్క్రిప్షన్‌లో ఉండదు, ఒక్కో మానిటర్డ్ ఐటమ్‌కి (మీరు గమనించమన్న ఒక్కో ట్యాగ్‌కి) విడిగా ఉంటుంది. మీది ఇంకా 1000 దగ్గరే ఉండి ఉంటుంది. సెకనుకోసారి చూస్తే 120 మిల్లీసెకన్ల పల్స్ కనబడే అవకాశం నూటికి పన్నెండు, 46లో 5 అంటే లెక్క సరిగ్గా అదే.

దాన్ని 50 పెట్టండి. శాంప్లింగ్‌లో -1 ఇస్తే పబ్లిషింగ్ ఇంటర్వెల్ ఎంతుంటే అంత తీసుకుంటుంది, 0 ఇస్తే సర్వర్‌కి చేతనైనంత వేగంగా అని అర్థం. క్యూ సైజ్ (పంపేలోపు ఎన్ని వాల్యూస్ దాచి ఉంచాలన్నది) కూడా చూడండి. అది 1 ఉంటే రెండు పబ్లిష్‌ల మధ్య బిట్ ఆన్ అయి ఆఫ్ అయినా చివరి వాల్యూ ఒక్కటే వస్తుంది, అంటే ఆఫ్. పల్స్ జరిగినట్టు మీకు తెలియనే తెలియదు. 10 పెట్టుకుని పబ్లిషింగ్ 500కి వెనక్కి తీసుకెళ్లండి, అప్పుడు అర సెకనుకోసారి వచ్చినా మధ్యలో మారినవన్నీ టైమ్‌స్టాంప్‌లతో వరుసగా వస్తాయి.

పాత_స్కాడా:
పైన చెప్పింది కరెక్టే గానీ ఒక మాట వదిలేశారు. మీరు 50 అడిగినంత మాత్రాన సర్వర్ 50 ఇవ్వాలని లేదు, తన కనీస హద్దు ఎంతో అంతకి సవరించి జవాబిస్తుంది. కొన్ని క్లయింట్లు మీరు టైప్ చేసిన అంకెనే చూపిస్తూ కూర్చుంటాయి, సవరించిన అంకె చూపించవు. యూఏఎక్స్‌పర్ట్ అనే ఓపీసీ యూఏ క్లయింట్ ఫ్రీగానే దొరుకుతుంది, దాంతో ఒకసారి కలిపి చూడండి. సీమెన్స్ ఎస్‌7-1500 లాంటి పీఎల్‌సీల్లో కనీస శాంప్లింగ్, కనీస పబ్లిషింగ్ రెండూ టియా పోర్టల్‌లో (వాటి ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో), సీపీయూ ప్రాపర్టీస్‌లో, ఓపీసీ యూఏ సర్వర్ కింద ఉంటాయి, మార్చాలంటే ప్రాజెక్ట్ డౌన్‌లోడ్ చేయాల్సిందే.

ఇక ఫ్రీజ్ సంగతి. అది మీ 100 వల్లే. లైఫ్‌టైమ్ కౌంట్ అన్నది సెకన్లలో ఉండదు, పబ్లిషింగ్ ఇంటర్వెల్స్ లెక్కలో ఉంటుంది. కౌంట్ 60 అనుకోండి, 1000 ఉన్నప్పుడు అది నిమిషం, 100 చేయగానే ఆరు సెకన్లు. అంతసేపు మీ వైపు నుంచి పబ్లిష్ రిక్వెస్ట్ (వాల్యూస్ పంపమని క్లయింట్ అడిగేది) రాకపోతే సర్వర్ ఆ సబ్‌స్క్రిప్షన్‌నే తీసేస్తుంది. సెషన్ బతికే ఉంటుంది కాబట్టి పచ్చ లైట్ పచ్చగానే ఉంటుంది. మంచి క్లయింట్ అయితే గమనించి మళ్లీ తయారు చేసుకుంటుంది, అన్నీ చేయవు మరి. ఇంటర్వెల్ తగ్గించినప్పుడల్లా లైఫ్‌టైమ్ పెంచాలి, అది కీప్ అలైవ్ కౌంట్‌కి (పంపడానికి ఏమీ లేకపోయినా బతికే ఉన్నానని సర్వర్ ఎన్ని ఇంటర్వెల్స్‌కోసారి చెప్పాలన్నదానికి) కనీసం మూడు రెట్లు ఉండాలన్న రూల్ కూడా ఉంది.

400 ట్యాగ్‌లకీ 50 మాత్రం పెట్టకండి దయచేసి. వేగం కావలసినవి నాలుగైదు వేరే సబ్‌స్క్రిప్షన్‌లో పెట్టి, టెంపరేచర్లు వగైరా 1000లోనే వదిలేయండి, వాటికి డెడ్‌బ్యాండ్ 0.2 ఇస్తే ఊరికే ఊగే దశాంశాలు పంపదు. శాతంలో ఇచ్చే డెడ్‌బ్యాండ్‌కి ట్యాగ్‌కి రేంజ్ ఇచ్చి ఉండాలి, లేకపోతే సర్వర్ ఒప్పుకోదు.

ప్యానెల్_వైరింగ్:
ఇన్ని తిప్పలెందుకన్నా, పల్స్‌ని నెట్‌వర్క్ మీద లెక్కపెట్టడమే తప్పు. పీఎల్‌సీలో కౌంటర్ పెట్టి ఆ అంకె చదువుకోండి. కేబుల్ పీకినా అంకె ఎక్కడికీ పోదు.

నైట్‌షిఫ్ట్:
అన్నా, అది తెలియక కాదు. మెషీన్ వెండర్‌ది, ప్రోగ్రామ్‌కి పాస్‌వర్డ్ ఉంది. పైగా మా దగ్గర పీఎల్‌సీలో ఒక్క రంగ్ (ప్రోగ్రామ్‌లో ఒక లైన్) మార్చాలన్నా ఛేంజ్ కంట్రోల్, క్యూఏ (క్వాలిటీ వాళ్ల) సంతకాలు, మళ్లీ వాలిడేషన్, దీపావళి దాటుతుంది.

పాత_స్కాడా:
హెచ్‌ఎంఐలో 46 ఎక్కడి నుంచి వచ్చిందంటారు? ఆ కౌంటర్ ఇప్పటికే పీఎల్‌సీలో ఉన్నట్టే కదా. యూఏఎక్స్‌పర్ట్‌లో అడ్రస్ స్పేస్ (సర్వర్ చూపించే ట్యాగ్‌ల జాబితా) మొత్తం ఒకసారి బ్రౌజ్ చేయండి.

నైట్‌షిఫ్ట్:
దొరికింది. రిజెక్ట్ బిట్ ఉన్న డేటా బ్లాక్‌లో (పీఎల్‌సీ మెమరీలో వాల్యూస్ ఉండే భాగంలో) కాదు, షిఫ్ట్ రిపోర్ట్‌ల కోసం వెండర్ విడిగా పెట్టిన బ్లాక్‌లో ఉంది, అది బయటికి కనిపించేలా ఉండటం నా అదృష్టం. 50 అడిగితే సర్వర్ 100 ఇస్తోందని కూడా యూఏఎక్స్‌పర్ట్‌లోనే కనిపించింది, కాబట్టి 120 పల్స్‌ని నమ్ముకుని ఉంటే ఎప్పుడో ఒకటి జారేదే. స్క్రిప్ట్‌లో పల్స్ లెక్కపెట్టే భాగం తీసేసి కౌంటర్‌ని సబ్‌స్క్రైబ్ చేశాను, పబ్లిషింగ్ మళ్లీ 1000, లైఫ్‌టైమ్ 60 నుంచి 120. కేబుల్ నేనే పదిహేను సెకన్లు పీకి పెట్టి చూశాను, ఫ్రీజ్ కాలేదు. ఈ రాత్రి హెచ్‌ఎంఐలో 31, నా దగ్గర 31. షిఫ్ట్ మారేటప్పుడు కౌంటర్ సున్నా అవుతుంది కదా, ఆ ఒక్కటి స్క్రిప్ట్‌లో చూసుకోవాలి, రేపు చేస్తాను.