'జ్ఞానం' అన్న మాట దగ్గరే గేమ్ ఆగిపోతోంది, ఎందుకు?

పెద్దలకు నమస్కారం. పిల్లలకు తెలుగు మాటలు నేర్పే చిన్న గేమ్‌ను పైథాన్‌లో ఆటలు రాసే లైబ్రరీ పైగేమ్‌తో రాస్తున్నాను. మొదటి లెవెల్లో ఆవు, ఈగ, ఉడుత బాగానే వస్తున్నాయి. రెండో లెవెల్లో మొదటి మాట 'జ్ఞానం'. అది తెర మీదికి రాకముందే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది, పైథాన్ ఎర్రర్ కూడా చూపించడం లేదు. 2018లో ఐఫోన్లు 'జ్ఞా' దగ్గరే పడిపోయాయి కదా, ఇదీ అదేనా? మాట తీసేయడానికి మనసొప్పడం లేదు. కోడ్ కింద పెట్టాను.

— తీయకు తమ్ముడూ. ఐఫోన్ సంగతి వేరు. ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.5లో మామూలు 'జ్ఞా'కు ఏమీ కాలేదు. 'జ్ఞ' తర్వాత కంటికి కనపడని విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం వస్తేనే యాప్‌లు పడిపోయాయి. ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, పేరు పోయింది మన అక్షరానిది. నాకది ఇప్పటికీ బాధే.

నీ కోడ్‌లో లెవెల్ మారేటప్పుడు ఫాంట్ మాడ్యూల్‌ను క్విట్‌తో మూసేసి, ఇనిట్‌తో మళ్లీ మొదలుపెట్టి, అంతకుముందు తెరిచిన ఫాంట్‌తోనే రాయిస్తున్నావు. క్విట్ అయ్యాక ఆ ఫాంట్ చెల్లదు. పాత పైగేమ్ వెర్షన్లు అలా వాడితే ఎర్రర్ ఇవ్వకుండానే కూలిపోతాయి. 'జ్ఞానం' బదులు 'ఈగ' పెట్టి చూడు.

— నిజమే అన్నా, 'ఈగ'కూ పడిపోయింది! ఫాంట్‌ను మళ్లీ లోడ్ చేస్తే ఆడుతోంది. కానీ ఇప్పుడు ఞ వత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడుతోంది.

— మొదటి లెవెల్లో వత్తులున్న మాటలు లేవు కనుక అది బయటపడలేదు. అక్షరాలను కలిపి కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. పైగేమ్ అక్షరాలు గీయడానికి వాడే ఎస్‌డీఎల్ టీటీఎఫ్‌లో అది కలిసి ఉండాలి, వెర్షన్ 2.20 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. అప్పుడు ఫాంట్‌కు లిపి తెలుగని సెట్ స్క్రిప్ట్ అనే ఫంక్షన్‌తో చెప్పు.

— మరొకటి బాబూ. 'జ్ఞానం' పొడవెంతని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది: జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న. మనకు మాత్రం జ్ఞా, నం రెండే అక్షరాలు. గళ్లలో అక్షరాలు పేర్చే ఆట పెడితే ఆ ఆరును నమ్మకండి, పిల్లలకు పొల్లు ఒక గడిలో, దీర్ఘం ఇంకో గడిలో కనిపిస్తాయి. అన్నట్టు, ఈ 'జ్ఞ' పలకడానికి కష్టమనే మనవాళ్లు యజ్ఞాన్ని జన్నం చేశారు, ఆజ్ఞను ఆన చేశారు. మూడో లెవెల్లో ఆ జతలు పెట్టండి.