ఫ్రీస్టైల్ జెట్ స్కీ పోటీలు ఇక మామూలు రైడర్లకు అందవా?

నీళ్ళమీద_నిలబడి:

అందరికీ నమస్కారం. స్టాండప్‌లు (నిలబడి నడిపే జెట్ స్కీలు) నడిపేవాళ్ళు, ఇంజన్లు కట్టేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా అడిగేస్తున్నాను. నాది యమహా వాళ్ళ పాత టూ స్ట్రోక్ సూపర్‌జెట్, 701 సీసీ, రౌండ్ నోస్ (గుండ్రటి ముక్కు) మోడల్. ఇంజన్ జోలికి పెద్దగా పోలేదు. ఫుట్ హోల్డ్స్ వేయించాను, హ్యాండిల్ పోల్ పొట్టిది పెట్టాను, పంపులో నీళ్ళని వెనక్కి తోసే ఇంపెల్లర్ మార్చాను, అంతే. దీనిమీద టెయిల్ స్టాండ్ (బండిని తోక మీద నిలబెట్టడం), సబ్‌మెరీన్ (మునిగి తేలడం), చేతులు వదిలేసి నిలబడటం లాంటివన్నీ వస్తున్నాయి. మంచి అల దొరికితే బ్యారెల్ రోల్ (గాల్లో పక్కకి ఒక చుట్టు) కూడా తిరుగుతుంది. కదలిక లేని నీళ్ళమీద మాత్రం ఎంత గింజుకున్నా బండి సగం కూడా పైకి లేవదు.

ఇప్పుడు ఫ్రీస్టైల్‌లో, అంటే ట్రిక్కులు చేసి మార్కులు తెచ్చుకునే పోటీలో, అమెచ్యూర్ క్లాస్‌కి దిగుదామని ఉంది. ఎవరిని అడిగినా ఒకటే పాట. ఆ బండితో కుదరదు, కార్బన్ హల్ (బండి బాడీ) కొను, 1000 సీసీ ఇంజన్ పెట్టు, అప్పుడు రా అని. విడిభాగాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూడితే షోరూమ్‌లో దొరికే కొత్త స్టాండప్‌కి రెండు మూడింతలు అవుతోంది. అది కొనడానికి మాత్రమే. ఆ తర్వాత రేస్ పెట్రోలు, రీబిల్డులు, పోటీ జరిగే చోటికి బండిని చేర్చడం, ఇవన్నీ వేరే.

ఇంకో బాధ ఏంటంటే యమహా 2020 మోడల్‌తో టూ స్ట్రోక్ సూపర్‌జెట్ ఆపేసింది. 2021 నుంచి వచ్చేది 1049 సీసీ ఫోర్ స్ట్రోక్. బండి మంచిదే, కానీ పాతది దాదాపు 140 కిలోలుంటే ఇది 170 దాకా ఉంది. కవాసాకి 800 ఎస్ఎక్స్-ఆర్ 2011తోనే పోయింది. 2017లో దాదాపు అదే పేరుతో తెచ్చింది 1498 సీసీ, 250 కిలోల బండి. దాంతో రేసు చేస్తారు గానీ గాల్లో ఎవరు తిప్పుతారు? అంటే తక్కువ ఖర్చుతో మొదలుపెట్టే దారి ఫ్యాక్టరీల వైపు నుంచి మూసుకుపోయినట్టే కదా. ఈ ఖర్చు నిజంగా తప్పదా, లేక పోటీలో ఉన్నవాళ్ళే పెంచుకుంటూ పోయారా? ఇలాగే సాగితే కొత్తగా ఈ ఆటలోకి వచ్చేవాళ్ళు ఎవరు?

పిస్టన్_రంగు:

తమ్ముడూ, నేను ఇంజన్లు విప్పే పనిలో ఉన్నవాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తాను. ఖర్చులో సగం తప్పదు. ఎందుకు తప్పదో అర్థమైతే మిగతా సగం ఎక్కడ మిగుల్చుకోవచ్చో కూడా తెలుస్తుంది.

కదలని నీళ్ళమీద బ్యాక్‌ఫ్లిప్ (బండితో సహా వెనక్కి పల్టీ) కొట్టేటప్పుడు ఏం జరుగుతుందో చూడు. రైడర్ బండి ముక్కుని నీళ్ళలోకి నొక్కుతాడు, హల్ తేలికగా ఉంటుంది కాబట్టి నీళ్ళు దాన్ని తిరిగి పైకి తంతాయి, సరిగ్గా అప్పుడే వెనక్కి వాలి థ్రాటిల్ పూర్తిగా నొక్కాలి. పరుగు తీసే చోటు లేదు, ఎక్కడానికి ర్యాంప్ లేదు. దాదాపు నిలబడ్డ చోటు నుంచి బండినీ మనిషినీ కలిపి గాల్లోకి ఎత్తాల్సింది పంపు ఒక్కటే. అందుకే ఈ ఆటలో టాప్ స్పీడ్‌ని ఎవరూ పట్టించుకోరు, కింది ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చే తోపు కావాలి. అది రావాలంటే సీసీ పెంచాలి, కాంప్రెషన్ పెంచాలి, బరువైన ఫ్లైవీల్ తీసేసి బ్యాటరీ మీదే నడిచే టోటల్ లాస్ ఇగ్నిషన్ పెట్టాలి. కాంప్రెషన్ అంత పెరిగాక బంకులో పోసే పెట్రోలుతో ఇంజన్ నాకింగ్ మొదలవుతుంది, రేస్ పెట్రోలు కొనాల్సిందే. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చక తప్పదు.

ఇక అసలు డబ్బు తినేది బండి గాల్లో ఉండే ఆ కాసేపే. నీళ్ళు వదలగానే పంపులో లోడు పోతుంది, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తూ లిమిటర్ దాకా పోతుంది. మళ్ళీ కింద పడగానే ఇంపెల్లర్ నీళ్ళు పట్టుకుంటుంది, లోడంతా ఒకే దెబ్బలో ఇంజన్‌నీ పంపునీ కలిపే కప్లర్ మీద, క్రాంక్ మీద పడుతుంది. ఒక రొటీన్‌లో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించుకో. సర్క్యూట్ మీద పరుగెత్తే ఇంజన్‌కి ఈ హింస ఉండదు. దీనికి తోడు మిశ్రమం కొంచెం లీన్ అయినా (పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైనా) చాలు. సిలిండర్ విప్పి ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ అంచుని చూస్తే నిలువు గీతలు ఉంటాయి, గోటితో అడ్డంగా గీస్తే టక్కున తగులుతాయి. అవి కనిపించాక కూడా బండిని నీళ్ళలో దింపితే మిగిలేది సీజైన ఇంజనే. బాగా నడుస్తోంది కదా అని విప్పి చూడకుండా వదిలేసేవాళ్ళకే పెద్ద బిల్లులు వస్తాయి, టైముకి పిస్టన్లు మార్చేవాళ్ళకి క్రాంక్ మిగులుతుంది.

కాబట్టి నా సలహా, ముందు హల్, తర్వాత ఇంజన్. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, బరువైన ఫ్యాక్టరీ హల్‌లో పెద్ద ఇంజన్ బిగించి, అది కూడా లేపలేక మళ్ళీ హల్ కొంటారు. విడిగా అమ్మే ఫ్రీస్టైల్ హల్స్ చాలావరకు యమహా టూ స్ట్రోక్ ఇంజన్ కూర్చునేలాగే తయారుచేస్తారు. నీ 701ని అలాంటి పొట్టి, తేలికైన వాడిన హల్‌లో పెట్టి, హెడ్ మార్చి, పంపు లోపల సందు లేకుండా సరిచేసుకో. ఫ్లిప్ వస్తుందని మాట ఇవ్వను గానీ బండి నీ మాట వినడం మొదలుపెడుతుంది.

స్కోరు_కాగితం:

పిస్టన్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ అంత ఇంజన్ ఎందుకు కావాల్సి వస్తోంది అన్నది కూడా అడగాలి. నేను స్థానిక పోటీల్లో జడ్జింగ్ చేస్తుంటాను. రైడర్‌కి ఉండేది రెండు నిమిషాలు. ఎన్ని ట్రిక్కులు, ఎంత వైవిధ్యం, ఎంత శుభ్రంగా చేశాడు, ఇవన్నీ చూస్తాం అని రూల్ పుస్తకంలో ఉంటుంది. ఆచరణలో ఏమవుతుంది? గాల్లో తిరిగినవాడికి మార్కులు పడతాయి, నీళ్ళమీద బ్యాలెన్స్‌తో చేసినవాడు వెనకబడతాడు.

ఎరిక్ మలోన్, అలెస్సాండర్ లెంజీ లాంటి ఒకప్పటి చాంపియన్ల పాత రొటీన్లు చూడండి. బండిని ముక్కు మీద నిలబెట్టడం, తోక మీద నిలబెట్టి చుట్టూ తిప్పడం, మునిగి ఇంకోచోట తేలడం, ఒక ట్రిక్ నుంచి ఇంకోదానిలోకి ఆగకుండా జారిపోవడం, మనిషి నైపుణ్యం అందులో ఎంత కనిపిస్తుందో. ఫ్లిప్ కొత్తగా వచ్చినప్పుడు అది గొప్ప, దానికి మార్కులు పడటం న్యాయమే. తర్వాత అందరూ కొట్టడం మొదలెట్టాక మార్కులు రావాలంటే వరసగా కొట్టాలి, తర్వాత చేతులు వదిలి కొట్టాలి, తర్వాత రెండుసార్లు తిరగాలి. ఒక్కో మెట్టుకీ ఇంజన్ పెరిగింది, హల్ కొన్ని కిలోలు తగ్గింది. మేం దేనికి మార్కులేస్తే రైడర్లు దానికే డబ్బు పెడతారు, వాళ్ళని అని లాభం లేదు.

యూఐఎం (అంతర్జాతీయ పవర్‌బోట్ సమాఖ్య) ఆక్వాబైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఫ్రీస్టైల్ క్లాస్ ఉంది. రషీద్ అల్ ముల్లా, రోక్ ఫ్లోర్యాంచిచ్, రొబెర్టో మరియాని లాంటివాళ్ళు అక్కడ చేసినవి చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. అది అలాగే ఉండాలి, నేను దాన్ని కిందికి లాగమనడం లేదు. దానికింద ఒక మెట్టు కావాలంటున్నాను. ఫ్యాక్టరీ హల్, ఫ్యాక్టరీ సీసీ, బంకు పెట్రోలు, అలాంటి ఒక క్లాస్. అందులో ఫ్లిప్‌కి ప్రత్యేకంగా ఎక్కువ మార్కులేవీ ఉండవు. వైవిధ్యానికీ, ట్రిక్కుకీ ట్రిక్కుకీ మధ్య ఖాళీ లేకుండా నడిపించడానికీ ఎక్కువ మార్కులు. నీళ్ళమీద_నిలబడి గారు చెప్పిన ట్రిక్కులతోనే అందులో పతకం కొట్టొచ్చు.

ఉప్పుగాలి:

బ్రో, నువ్వే రాశావు కదా అల ఉంటే బ్యారెల్ రోల్ వస్తుందని, మరి అటే వెళ్ళిపోవచ్చు కదా? ఫ్రీరైడ్‌కి (అలల మీద చేసే ట్రిక్కులకి) రా. పైకి లేపే పని అల చేస్తుంది, ఇంజన్ మీద అంత భారం ఉండదు. సరైన చోట, సరైన టైములో అల పెదవి మీదికి ఎక్కిస్తే మామూలు 701 కూడా చాలా ఎత్తుకి పోతుంది. అల చదవడం రావాలి, అది ఎక్కడా కొనుక్కునేది కాదు. ఐఎఫ్‌డబ్ల్యూఏ పేరుతో ఫ్రీరైడ్‌కి విడిగా టూర్ కూడా ఉంది.

ఖర్చు లేదని మాత్రం అనను. ఉప్పునీళ్ళు బండిని లోపల్నుంచి తినేస్తాయి. ఒడ్డుకి రాగానే ఇంజన్ మంచినీళ్ళతో ఫ్లష్ చేయాలి, ఎలక్ట్రికల్ బాక్స్ తుడవాలి, బేరింగులకి గ్రీజు పట్టించాలి, అలసిపోయి ఉన్నా సరే. అల మీద నుంచి గట్టిగా పడితే హల్ అతుకుల దగ్గర చీలుతుంది. నిర్వాహకులకి కూడా కష్టమే, తేదీ వాళ్ళు వేస్తారు, అలలు వాటి ఇష్టం. అయినా పక్కన 1200 సీసీ బండి ఉందని నువ్వు ముందే ఓడిపోయినట్టు మాత్రం ఉండదు.

కార్బన్_పిచ్చి:

స్కోరు కాగితం గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ ఆ క్లాస్ నిలబడుతుందా? ఫ్యాక్టరీ సీసీ అంటే నమ్మకం మీద వదిలేస్తారా, లేక గెలిచినవాడి సిలిండర్ విప్పి కొలుస్తారా? విప్పాలంటే ఆ పని తెలిసిన మనిషి కావాలి, టైమ్ కావాలి, అదీ ఖర్చే. కొలవకపోతే రెండో ఏడాదికల్లా అందులోనూ పెద్ద ఇంజన్లే ఉంటాయి. ఇంకోటి, ఒడ్డున నిలబడ్డ జనం ఆగి చూసేది ఫ్లిప్పునే. స్పాన్సర్ వచ్చేదీ దానికోసమే. దానికి మార్కులు తగ్గిస్తే చూసేవాళ్ళు తగ్గుతారు, అప్పుడు అసలు పోటీయే ఉండదు.

హల్స్ ధర గురించి కూడా ఒక మాట. వాటిని తయారుచేసేవి చాలావరకు చిన్న వర్క్‌షాపులు. కార్బన్ గుడ్డ, రెజిన్, అచ్చులో చేత్తో ఒక్కో పొర పరవడం, వ్యాక్యూమ్ పెట్టడం, ఆరాక అంచులు కోసి డెక్కునీ హల్‌నీ అతికించడం. ఏడాదికి అమ్ముడయ్యేవి కొద్ది, ఆ అచ్చు ఖర్చంతా వాటిమీదే పడాలి. వాళ్ళేమీ మేడలు కట్టుకోవడం లేదు. నిజానికి ఫ్యాక్టరీలు వదిలేసినా ఈ ఆట బతికి ఉందంటే వీళ్ళవల్లే. ఈరోజు ఒక్క యమహా భాగం కూడా లేకుండా యమహా పద్ధతి ఇంజన్ మొత్తం కట్టుకోవచ్చు, కేసులు, క్రాంక్, సిలిండర్లు అన్నీ బయట దొరుకుతాయి. అందుకే 2020 గురించి నాకు అంత భయం లేదు.

నా భయం నీళ్ళ గురించి. అమెరికాలోని లేక్ టాహోలో 1999లోనే కార్బ్యురేటర్ టూ స్ట్రోక్‌లని నిషేధించారు. నీళ్ళలోకి కాలని నూనె, పెట్రోలు వదులుతాయి అన్న మాటలో అబద్ధం లేదు, శబ్దం సంగతి సరేసరి. డబ్బుంటే బండి కొంటాం, ప్రాక్టీసు చేసుకునే చోటు లేకపోతే ఏం చేస్తాం? ఇంధనం ఇంజెక్ట్ చేసే తేలికైన ఇంజన్ ఎవరైనా ఈ ఆట కోసమే తయారుచేస్తే తప్ప ఈ చిక్కు తీరదు.

స్కోరు_కాగితం:

మీరు చెప్పిన చెకింగ్ సమస్య నిజమే. అందుకే బంకు పెట్రోలు అన్నాను. పెట్రోలు నిర్వాహకులే అక్కడికక్కడ పోస్తే ఎక్కువ కాంప్రెషన్ పెట్టినవాడి ఇంజన్ వాడికే ఎదురుతిరుగుతుంది, సిలిండర్ విప్పే పని చాలావరకు తప్పుతుంది. బండి బరువు తూకం వేయడం ఇంకా సులువు. ఇక జనం ఫ్లిప్పు కోసం వస్తారు, ఒప్పుకుంటాను. ప్రో క్లాస్ అదేరోజు ఉంటుంది కదా, చూడనివ్వండి. కానీ కింద క్లాసులో ఇద్దరు ముగ్గురే మిగిలితే ఇంకొన్నాళ్ళకి ప్రోలోకి ఎవరొస్తారు? స్టార్ట్ లిస్టులో ఏడాదికేడాది అవే పేర్లు చూస్తుంటే నాకు నిజంగా దిగులుగా ఉంది.

నీళ్ళమీద_నిలబడి:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. 1000 సీసీ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టేశాను. ఉప్పుగాలి బ్రో చెప్పినట్టు అలల వైపు వెళ్తూనే, వాడిన హల్ కోసం వెతుకుతాను. స్కోరు కాగితం గారూ, అలాంటి క్లాస్ ఎక్కడైనా పెడితే మొదటి పేరు నాది రాసుకోండి, చివరి స్థానం వచ్చినా సరే. పిస్టన్ అన్నా, వాడిన హల్ చూడటానికి వెళ్తే ఏమేం చూడాలి?

పిస్టన్_రంగు:

రైడ్ ట్రే (నిలబడే చోటు) కింద వెలుతురు వేసి డెక్కు, హల్ కలిసే అతుకు చూడు, వెంట్రుకంత గీత ఉన్నా అడుగు. ఫుట్ హోల్డ్స్ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కు, మెత్తగా లోపలికి పోతే అక్కడ పొరలు విడిపోయాయి. పంపు కూర్చునే చోట రిపేరు చేసిన రెజిన్ రంగు తేడాగా కనిపిస్తుంది, రిపేరు ఉండటం తప్పు కాదు, సరిగా చేశారా లేదా అన్నది చూడాలి. ఇంజన్ మౌంట్ల దగ్గర పగుళ్ళుంటే మాత్రం బేరం ఆడకుండా వచ్చెయ్.

ఇంకోటి, కొనడానికి వెళ్ళే ముందు నీ పాత సూపర్‌జెట్‌ని తూకం వెయ్యి. ఆ హల్స్ లోపల ఫోమ్ ఉంటుంది, ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చుకుంటుంది. పుస్తకంలో రాసిన బరువు కన్నా బాగా ఎక్కువ చూపిస్తే ఆ తడి ఫోమ్ తీసి కొత్తది వేసుకో, చేత్తో చేసుకునే పనే, ఓపిక ఉంటే చాలు. ఆ తర్వాత కూడా కొత్త హల్ కావాలనిపిస్తే అప్పుడు మెసేజ్ పెట్టు, నాకు తెలిసిన ఇద్దరు అమ్మే ఆలోచనలో ఉన్నారు.