సమస్య: లడ్డు తిన్నవాడు లావు తగ్గె

నిర్వాహకుడు
నిన్న సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర మిఠాయి అంగడి ముందర ఒక పెద్దమనిషి ఒక చేత్తో బొజ్జ నిమురుకుంటా, ఇంకో చేత్తో మూడో లడ్డు అందుకుంటా "నేతిదైతే లావెక్కరబ్బా" అన్నాడు. అంగడాయన తల ఊపినాడు. ఊపడా మరి! ఆ మాట తిరగేస్తే పాదం దానంతటదే వచ్చింది.

లడ్డు తిన్నవాడు లావు తగ్గె

ఈ పాదం చివర వచ్చేట్టు ఆటవెలది పద్యం పూరించాల. పూరణలో మన తిరుపతి హోటలో, అంగడో, వీధో కనబడాల. చివర్లో సోడా తాగించి అరిగించేసే పూరణలు వద్దు. అవి చాలా చూసినాం.

అలిపిరి యాత్రికుడు
ఆశ తీర మెక్కి యలిపిరి మెట్లెక్కి
మూడు వేలు దాటి ముంచ చెమట
కొండ చేరుసరికి కోనేటిరాయని
లడ్డు తిన్నవాడు లావు తగ్గె

గంగమ్మగుడి అయ్యవారు
నడక బాగుంది, పద్యానిదీ నాయకుడిదీ. కానీ స్వామీ, కొండ చేరేసరికే లావు తగ్గిపోతే, పైకి పోయినంక దొరికే లడ్డుకు ఇక్కడేం పని? ఆ 3,550 మెట్లే పని కానిచ్చినాయి. లడ్డు ఊరికే సాక్షి సంతకం పెట్టింది.

అలిపిరి యాత్రికుడు
ముందు వారం చుట్టాలు తెచ్చిన ప్రసాదం ఇంట్లో ఉండకూడదా అయ్యవారూ?

మాడవీధి మాటకారి
ఉండొచ్చు. పద్యంలో లేదు. పైగా ఈయన శ్రీవారి మెట్టు దారి పట్టింటే 2,388 మెట్లే, సగం బొజ్జ మిగిలిపోయేది.

పలమనేరు కుర్రోడు
కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.

వేడి దోశ వడయు వెంటనే సాంబారు
గాంధీ రోడ్డు మీద గట్టి కాఫి
బిల్లు కట్ట జేబు పీల్చుకపోవగ
లడ్డు తిన్నవాడు లావు తగ్గె

గంగమ్మగుడి అయ్యవారు
జేబు లావు తగ్గించినావే, భేష్. బేరంలో ఆరితేరిన ఊరివాడివి అనిపించుకున్నావు. కానీ నాయనా, రెండో పాదం మొదట్లోనే గాంధీ రెండు గురువులై కూర్చున్నాడు, గురువు-లఘువో, మూడు లఘువులో మాత్రమే ఉండే సూర్యగణంలో పట్టడు. 'గాంధి' అను, సరిపోతుంది.

పలమనేరు కుర్రోడు
అంతటాయన పేరు కురచ చేసేదెట్లా అయ్యవారూ?

కొర్లగుంట కోడలు
ఆ రోడ్డులో సాయంత్రం పూట ఆటోనే పట్టదు, గాంధీ ఎట్లా పడతాడులే తమ్ముడూ. నాదీ ఒకటి:

బొజ్జ తగ్గవలెను పొద్దుటే నడుమన్న
వైద్యు మాట వినియు వదలలేక
తిలకు రోడ్డు వైపు తిరుగుచు రాగుల
లడ్డు తిన్నవాడు లావు తగ్గె

మాడవీధి మాటకారి
'తిరుగుచు' అన్నచోట గెలిచినావక్కా. వైద్యుడు చెప్పిన నడక అంగళ్ళ చుట్టూ తిరగడంలోనే అయిపోయింది. ఒక్కటే బాధ. సంగటి తిని పెరిగిన చిత్తూరు జిల్లావాళ్ళకు రాగుల్ని లడ్డు చేసి, పెట్టెలో పెట్టి, పైన రిబ్బను కట్టి అమ్ముతా ఉండారే! మా అవ్వ చూసుంటే ఊరిబిండి గిన్నె తీసుకుని అంగడి మీదికి పోయుండేది.

గంగమ్మగుడి అయ్యవారు
పిల్లలందరూ అయినట్టుండారు. ఇది చూడండి.

నెయ్యి విడిచి తీపి నెలనాళ్లు మానిన
పట్టుదలకు గండి పడియె నేడు
బేరివీధి చివర పేర్చిన కమ్మని
లడ్డు తిన్నవాడు లావు తగ్గె

అలిపిరి యాత్రికుడు
గండి పడితే లావెక్కాల కదా, తగ్గేదేంది?

మాడవీధి మాటకారి
యాత్రికుడన్నా, మొసలి కాలు పట్టుకున్నప్పుడు గజేంద్రుడికి లేకపోయిన లావే ఇక్కడా తగ్గింది, బలం. అయ్యవారి పద్యంలో మడుగు లేదు, మొసలి లేదు, బేరివీధి లడ్డు ఒకటే పట్టుకుంది. నేనే మెచ్చుకుంటా ఉండా, తేదీ రాసి పెట్టుకోండి. అయితే 'నెలనాళ్లు మానిన' దగ్గర అతిశయోక్తి అలంకారం వేసినారు. కార్తీకంలో ఈయన జాంగ్రీ పొట్లం కండువా కింద దాచుకుని పోతా ఉంటే చూసినవాళ్ళు ఈ గుంపులోనే ఉండారు.

కొర్లగుంట కోడలు
నేనే చూసినా. నూనె మరక కండువాకు ఇవతలికి కూడా వచ్చేసింది.
ఇంకొక మెచ్చుకోలు. కొండమీది లడ్డుకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టి అంగడివాళ్ళు అమ్మేదానికి లేదు. శెనగపిండి, నెయ్యి మొదలు కలకండ, యాలకుల దాకా పోటులో, అంటే గుడి వంటశాలలో, దిట్టం కొలతల ప్రకారం పడాల. అయ్యవారు జాగ్రత్తగా ఉత్త 'కమ్మని లడ్డు' అన్నారు. వకీలు చూసిచ్చిన పద్యంలా ఉంది.

మాడవీధి మాటకారి
పొగడ్తలు అయిపోతే నాది.

పూరి మెక్కి బైట బుద్ధిగా నడువంగ
మాడవీధి నిండ మంది, బండ్లు
తప్పుకొనుచు పోవ దారిలో మరి యావు
లడ్డు, తిన్నవాడు లావు తగ్గె

అలిపిరి యాత్రికుడు
ఆవు లడ్డు అంటే ఆవునేతి లడ్డు అనుకున్నా! పూరీ తిన్నోడికి లడ్డు యాడిదా అని మళ్ళీ పైనుంచి చదివినా.

నిర్వాహకుడు
ఆవులు అడ్డు! సమస్యలో లడ్డే లేకుండా చేసినాడు. ఉత్తర మాడవీధిలో కూరగాయల సంచితో నడిచినవాళ్ళకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ముందర ఒకటి నిలబడి ఉంటుంది, దాన్ని తప్పించుకుంటే ఇంకోటి సంచిలో మూతి పెడుతుంది.

గంగమ్మగుడి అయ్యవారు
విరుపు బాగుంది, కాదనను. కానీ ఈయన ఏ సమస్య ఇచ్చినా ఆవు వ్యాసమే. 'కాఫి లేని కాఫి కమ్మగుండె' ఇచ్చినప్పుడూ పాలు చిక్కగా ఉండాయని ఆవునే తెచ్చి కట్టేసినాడు. ఇప్పుడు అదే ఆవు తాడు తెంచుకుని మాడవీధికి వచ్చింది.

మాడవీధి మాటకారి
ఆ సమస్యకు తమరు ఏం పోసినారో గుర్తుందా? శొంఠి కాఫీ. చివరి పాదానికి పడిశం కూడా తగ్గించినారు. అది పద్యమా, మందుల చీటీనా?

కొర్లగుంట కోడలు
శొంఠి కాఫీని ఏమీ అనొద్దు. శొంఠి, మిరియాలు, ధనియాలు, కరుప్పట్టి బెల్లం వేసి కాస్తే పొద్దున పొంగలి కూడా దాని ముందర దిగదుడుపే. మీ కొట్లాటలోకి దాన్ని లాగొద్దు.

అలిపిరి యాత్రికుడు
పొంగలి అంటే గుర్తొచ్చింది, గోవిందరాజస్వామి రథం వీధిలో భీమాస్ వైపు రేపు పొద్దున ఎవరైనా వస్తారా?

పలమనేరు కుర్రోడు
అయ్యవారూ, గాంధీని తగ్గించడం నావల్ల కాలేదు. రోడ్డే మార్చేసినా: 'తిలకు రోడ్డు మీద గట్టి కాఫి'. గణం కుదిరిందా?

గంగమ్మగుడి అయ్యవారు
గణం వచ్చింది, యతి పోయింది. పాదం మొదటి 'తి'కి నాలుగో గణం మొదట్లో 'గ' ఏ చుట్టం?

మాడవీధి మాటకారి
'తిలకు రోడ్డు మీద తీపి కాఫి' అను తమ్ముడూ. రెండూ దక్కుతాయి.

పలమనేరు కుర్రోడు
అట్లా రాయలేనన్నా. నాకు షుగరు ఉంది.