యూట్యూబ్ పరుగెడుతోంది, వీడియో కాల్ పాకుతోంది: చెన్నైలో ఇంకెవరికైనా ఇలా ఉందా?

వేళచ్చేరి_బాబాయ్: మా వీధి ఆపరేటర్ దగ్గర 100 ఎంబీపీఎస్ ప్లాన్. రాత్రి తొమ్మిదింటికి యూట్యూబ్ 4కేలో ఆగకుండా ఆడుతుంది. అదే టైమ్‌లో అమెరికాలో ఉన్న అమ్మాయికి కాల్ చేస్తే ముఖం గళ్ళు గళ్ళుగా అయిపోతుంది. అడిగితే "యూట్యూబ్ వస్తోంది కద సార్, లైన్ బాగానే ఉంది" అంటాడు.

ఎన్ఓసీ_నైట్‌షిఫ్ట్: ఆయన చెప్పింది సగం నిజం బాబాయ్ గారూ. యూట్యూబ్ చాలావరకు మీ ఆపరేటర్ దగ్గరో, ఆయనకు బ్యాండ్‌విడ్త్ అమ్మే కంపెనీ దగ్గరో గూగుల్ పెట్టిన, వీడియోల కాపీలు ముందే దాచి ఉంచే క్యాష్ సర్వర్ నుంచి వస్తుంది. (డబ్బు క్యాష్ కాదు. మా మేనేజర్ ఈ జోకు ఇంకా వదల్లేదు.) నెట్‌ఫ్లిక్స్ కూడా తగినంత ట్రాఫిక్ ఉన్న ఇంటర్నెట్ ఆపరేటర్లకు ఇలాంటి సర్వర్లు ఉచితంగా ఇస్తుంది. ఓపెన్ కనెక్ట్ అని 2012లో ప్రకటించారు. జనం పడుకున్నాక అవి కొత్త సినిమాలు నింపుకుంటాయి. ఇక రాత్రి వీధంతా చూసినా, ఆపరేటర్‌ను బయటి ఇంటర్నెట్‌తో కలిపే లింకు (అప్‌స్ట్రీమ్) మీద పెద్దగా బరువు పడదు. మీ కాల్‌ను అలా ముందే తెచ్చి పెట్టుకోలేరు కదా! అది ఆ అప్‌స్ట్రీమ్ లింకులోంచే పోవాలి. తొమ్మిదింటికి అక్కడ ఇరుకు.

పెరంబూర్_రైలుబండి: ఒకప్పుడు ఆపరేటర్లే సొంత ప్రాక్సీ (మధ్యలో ఉండే సర్వర్) పెట్టుకుని పేజీల కాపీలు దాచుకునేవాళ్ళు. సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ (మధ్యలో ఎవరూ చదవలేని తాళం) అయ్యాక అది కుదరడం లేదు. మొన్న వానకి మా ఆపరేటర్ గదిలో ఏసీ పోయి గూగుల్ క్యాష్ సర్వర్ ఆగిపోయింది. యూట్యూబ్ బరువంతా బయటి లింకు మీద పడింది. ఆ రాత్రి వీధిలో ఎవరికీ ఏ సైటూ సరిగ్గా తెరుచుకోలేదు. అది ఎంత మోస్తోందో అప్పుడు తెలిసింది.

ఓఎంఆర్_నెల్లూరోడు: ఎవరో చెప్పారని నేను డీఎన్ఎస్ (సైటు పేరుకు అడ్రసు వెతికిపెట్టే సర్వర్) మార్చాను. కొన్ని సైట్ల ఫోటోలు సింగపూర్ నుంచి రావడం మొదలైంది. పింగ్ (సర్వర్‌కు వెళ్ళి వచ్చే టైమ్) 4 నుంచి 38 మిల్లీసెకన్లకు పోయింది. గమ్మున పాతదే పెట్టేశా.

ఎన్ఓసీ_నైట్‌షిఫ్ట్: కొన్ని సీడీఎన్‌లు (సైట్ల ఫోటోలు, వీడియోలు దగ్గరి సర్వర్ నుంచి పంపే నెట్‌వర్కులు) మీరెక్కడున్నారో డీఎన్ఎస్ సర్వర్‌ను బట్టే ఊహిస్తాయి అన్నా. గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 మీ ఐపీ అడ్రసులో కొంత భాగం వాటికి చెబుతుంది, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1 మామూలుగా చెప్పదు. నెట్‌ఫ్లిక్స్‌కు మాత్రం ఇది పట్టదు, మీ ఐపీని చూసే దగ్గరి సర్వర్ ఇస్తుంది. బాబాయ్ గారూ, స్పీడ్ ఫాస్ట్.కామ్‌లో కొలవకండి, అది దగ్గరి నెట్‌ఫ్లిక్స్ సర్వర్లతోనే కొలుస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో అమెరికా సర్వర్ ఎంచుకుని, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి.

వేళచ్చేరి_బాబాయ్: చూశాను. ఫాస్ట్.కామ్ ఎప్పుడైనా 96. అమెరికా సర్వర్‌కు పొద్దున 80, రాత్రి 9! స్క్రీన్‌షాట్లు ఆపరేటర్‌కు చూపించా. "అయితే కాల్ పొద్దున చేసుకోండి సార్" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ, ఇప్పుడు ఉదయం ఆరున్నరకే చేస్తున్నాం. అమ్మాయి కూడా ఆఫీసు నుంచి వచ్చేసి ఉంటుంది. ప్లాన్ వచ్చే నెల అయిపోతుంది. వేళచ్చేరిలో రాత్రిపూట ఎవరి లైన్ బాగుందో చెప్పండి. యూట్యూబ్ చూసి మాత్రం చెప్పొద్దు.