అప్‌డేట్: లాంగ్ లీఫ్ మిల్లు ఊరు అక్కడే ఎందుకు వెలిసింది?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో లాంగ్ లీఫ్ అనే కలప మిల్లు ఊరు ఎందుకు పుట్టింది, ఎందుకు ఖాళీ అయింది అని అడిగాను కదా. మీ జవాబులు చదివాక స్వయంగా వెళ్లి చూసి వచ్చాను. దారి చూపిన వారందరికీ కృతజ్ఞతలు.

అలెగ్జాండ్రియా నగరానికి దక్షిణాన, ఫారెస్ట్ హిల్ దగ్గర ఉందీ ఊరు. చుట్టూ పొడవాటి ఆకుల పైన్ అడవి, దాని మీదుగా రైలు మార్గం. ఈ రెండూ కలిసిన చోట క్రోవెల్ అండ్ స్పెన్సర్ కంపెనీ 1892లో మిల్లు పెట్టింది. ఇళ్లూ దుకాణమూ అన్నీ కంపెనీవే.

నన్ను కట్టిపడేసింది మెక్‌గిఫర్ట్ లోడర్. ఆవిరితో నడిచే ఈ యంత్రం పట్టాల మీద కాళ్లు చాచి నిలబడి, తన చక్రాలను పైకి మడుచుకుంటుంది. ఖాళీ బండ్లు దాని కిందుగా వెళుతుంటే దుంగలు ఎత్తి ఒక్కొక్క దానిలో పేరుస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! అడవులు అంత వేగంగా ఎలా కరిగిపోయాయో దాన్ని చూస్తే అర్థమైంది.

చుట్టుపక్కల చాలా కంపెనీలు చెట్లు అయిపోగానే మూటాముల్లె సర్దుకున్నాయి. ఈ మిల్లు మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను తీరానికి చేర్చే హిగ్గిన్స్ పడవలకు కలప అందించి, 1969 దాకా నడిచింది. మూసిన రోజు యంత్రాలను ఉన్నచోటే వదిలేశారు. అందుకే ఇప్పుడది మ్యూజియం.

కార్మికుల కుటుంబాలు తరవాత ఎక్కడ స్థిరపడ్డాయో తెలిసిన వారుంటే చెప్పండి. ముఖ్యంగా నల్లజాతి కార్మికుల గురించి తెలుసుకోవాలని ఉంది.