అమ్మేసిన బండికి చలాన్లు నా ఫోన్‌కి వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

పాతబండి_హనుమకొండ:
అందరికీ నమస్తే. 2021లో నా బైక్‌ని 28 వేలకి ఒక పాత బండ్ల కన్సల్టెన్సీలో అమ్మేశాను. ఓనర్ పేరు మార్చడానికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నారు, కొనేవాళ్ల పేరు దగ్గర ఖాళీ. "ట్రాన్స్‌ఫర్ మేం చూసుకుంటాం లే అన్నా" అన్నారు, నేను డబ్బులు లెక్కపెట్టుకుని వచ్చేశాను. మొన్న చలాన్ మెసేజ్ వస్తే చెక్ చేశాను, మొత్తం తొమ్మిది పెండింగ్. హెల్మెట్ లేదని ఆరు, ట్రిపుల్ రైడింగ్ రెండు, రాంగ్ రూట్ ఒకటి. ఫోటోలో ఎవరో కుర్రాడు, కాళ్ల మధ్య గ్యాస్ సిలిండర్, వెనక మడ్‌గార్డ్ మీద నేను వేయించిన "అమ్మ దీవెన" స్టిక్కర్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది. కన్సల్టెన్సీకి వెళ్తే ఆ షాపే లేదు, ఇప్పుడక్కడ టిఫిన్ సెంటర్ నడుస్తోంది. ఇవన్నీ నేనే కట్టాలా?

నైట్‌షిఫ్ట్_రైడర్:
బ్రో, డిస్కౌంట్ వచ్చేదాకా ఆగు. తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద 2022 మార్చిలో టూ వీలర్లకి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబర్‌లో 80 శాతం. అలా ఇంకోసారి ఇచ్చినప్పుడు కట్టేసి వదిలించుకో, ఎందుకు టెన్షన్.

కోర్టు_గుమ్మం:
పై సలహాతో నేను ఒప్పుకోను. చలాన్ అంటే తీర్పు కాదు, పోలీసుల ఆరోపణ. కట్టావంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద కాంపౌండింగ్, అంటే తప్పు నాదే అని డబ్బులిచ్చి కేసు ముగించుకున్నట్టు. కట్టకుండా, బండి నడిపింది నేను కాదని మేజిస్ట్రేట్ ముందు చెప్పుకునే హక్కు నీకుంది. కానీ ఉత్త చేతులతో వెళ్తే వినరు. అమ్మిన రసీదు, డబ్బులు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, కన్సల్టెన్సీ వాళ్లతో వాట్సాప్ చాట్, ఏది దొరికితే అది తీసిపెట్టుకో. ఇంకోటి, సెక్షన్ 133 ప్రకారం నడిపినవాడి వివరాలు పోలీసులు అడిగితే ఓనర్ చెప్పాల్సిందే, "నాకు తెలియదు" అని ఊరుకుంటే కుదరదు. కాబట్టి ఆ కుర్రాడెవరో కనుక్కోవడం నీకే మంచిది.

మూడోచేతి_కారు:
చలాన్లు చిన్న సంగతి అన్నా, ఆ బండి ఎవరినైనా గుద్దితే అప్పుడుంటుంది అసలు కథ. చట్టం లెక్కలో ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనర్. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే, కారు రెండు మూడు చేతులు మారినా సరే, రికార్డుల్లో పేరున్న మొదటాయనే ప్రమాద పరిహారానికి బాధ్యుడు అంది. ఇన్సూరెన్స్ లేకపోతే ఆ లక్షలు మన జేబులోంచే. పైగా నడిపేవాడికి 18 నిండకపోతే సెక్షన్ 199ఎ ఉంది, మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, అందులో ఓనర్‌నీ కలిపే రాశారు. మా బావమరిది ఒకడు ఇలాగే బండి అమ్మి, యాక్సిడెంట్ కేసులో ఏడాదిన్నర తిరిగాడు. ప్రతి వాయిదాకీ ఒక రోజు కూలి పోయేది.

పాతబండి_హనుమకొండ:
ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు. ఇప్పుడు ఆర్టీఏకి వెళ్తే వాళ్లు ఏమైనా చేస్తారా?

కోర్టు_గుమ్మం:
వెళ్లు. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలని సెక్షన్ 50లో ఉంది, కొన్నవాడికి 30 రోజులు. నీకు గడువు ఎప్పుడో దాటిపోయింది, అయినా ఫలానా తేదీన అమ్మాను అని రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచుకో. దానితో పేరు మారిపోదు, రేపు అడిగినప్పుడు చూపించుకోవడానికి పనికొస్తుంది. అసలు ట్రాన్స్‌ఫర్ జరగాలంటే కొన్నవాడు కదలాలి. ఆధారాలన్నీ జతచేసి పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక ఫిర్యాదు ఇవ్వు. ఇంకొక్క మాట, చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే తెరవకు, అది ఫోన్ ఖాళీ చేసే మోసం.

నైట్‌షిఫ్ట్_రైడర్:
సరే, నా సలహా వాపసు తీసుకుంటున్నా. ఇప్పుడు అమ్మేవాళ్లు మాత్రం ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూల్ ఉంది, ఆథరైజ్డ్ డీలర్‌కి ఇస్తే ఫారం 29సి ద్వారా ఆర్టీఏకి సమాచారం వెళ్తుంది, అప్పటి నుంచి బండి బాధ్యత డీలర్‌దే. సందులో ఉండే కన్సల్టెన్సీకి ఆ ఆథరైజేషన్ ఉందో లేదో ముందే అడగండి.

పాతబండి_హనుమకొండ:
అప్‌డేట్. తొమ్మిదిట్లో నాలుగు చలాన్లు ఒకే చౌరస్తాలో పడ్డాయని గమనించి, అక్కడున్న గ్యాస్ ఏజెన్సీలో స్టిక్కర్ సంగతి చెప్పి అడిగా. కుర్రాడు దొరికాడు. పాపం వాడూ వేరేవాళ్ల దగ్గర 19 వేలకి కొన్నాడట, ఇన్సూరెన్స్ అయిపోయి రెండేళ్లు. వయసు 22, ఆ గండం గడిచింది. ఆర్టీఏ స్లాట్ నేనే బుక్ చేస్తాను, ఇన్సూరెన్స్ వాడు కట్టుకోవాలి, చలాన్లు చెరి సగం అన్నాడు. ఆ సగం గురించి ఇంకా బేరం నడుస్తోంది.